ఈవీ కొన్నాక టైర్లలో గాలి చూడటమే మానేశాను, మీరెలా చూసుకుంటున్నారు?

ఉదయపు_డ్రైవ్
శనివారం, ఉదయం 7:50

అందరికీ నమస్కారం. ఎలక్ట్రిక్ కారు కొని తొమ్మిది నెలలైంది. ఈ పొద్దున బండి తీయగానే డాష్‌బోర్డ్ మీద పసుపు గుర్తు వెలిగింది. గుర్రపు నాడా ఆకారం మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుందే, అది. దిగి చుట్టూ తిరిగి చూశాను. నాలుగు టైర్లూ కంటికి బాగానే ఉన్నాయి. కాలితో తన్ని చూసినా గట్టిగానే అనిపించాయి. పక్కింటాయన్ని అడిగి గేజ్ తెచ్చి పెడితే ముందు ఎడమది 31, ముందు కుడిది 34, వెనక రెండూ 35. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద మాత్రం 42 అని ఉంది.

అప్పుడు తట్టింది, కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా గాలి చూడలేదు. పాత కారు ఉన్న రోజుల్లో పెట్రోల్ బంకుకి వెళ్తే, పక్కనే గాలి మెషీన్ కనిపించేది, రెండుసార్లకోసారి అక్కడ ఆపేవాణ్ని. ఇప్పుడు రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతోంది, బంకు మొహం చూసే పనే లేదు. బంకుతో పాటు ఆ అలవాటూ పోయింది, నాకు తెలియకుండానే. గత రెండు నెలలుగా రేంజ్, అంటే ఒక చార్జికి నడిచే దూరం, తగ్గుతుంటే బ్యాటరీకి ఏమైందోనని టెన్షన్ పడ్డాను కానీ టైర్ల వైపు చూడలేదు.

మీరంతా ఎన్నాళ్లకోసారి చూస్తారు? పంపు సొంతంగా కొనుక్కోవాలా? 42 ఉండాల్సింది 31 అయ్యేదాకా ఈ లైటు ఎందుకు వెలగలేదు?

పాతమెకానిక్
శనివారం, ఉదయం 9:15

ముందుగా ఒక మాట. 31తో వేగంగా వెళ్లకండి. దగ్గర్లో ఎక్కడ గాలి దొరికితే అక్కడికి నిదానంగా వెళ్లి పట్టించండి, ఆ తర్వాతే మిగతా సంగతులు.

స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకి. చల్లటిదంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరు లోపు మెల్లగా నడిచి ఉండాలి. కాసేపు నడిచాక టైరు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. నాలుగైదు పీఎస్ఐ (గేజ్ మీద కనిపించే గాలి పీడనం కొలత) పెరగడం మామూలే. చాలామంది దూరప్రయాణం మధ్యలో చూసి, 46 ఉందే అని గాలి తీసేస్తారు. మర్నాడు పొద్దున్న టైరు చల్లారాక అది 38కి దిగుతుంది. వేడి టైరులోంచి గాలి ఎప్పుడూ తీయకూడదు. నేను షాపులో ఉన్నన్నాళ్లూ ఎక్కువగా సరిదిద్దిన పొరపాటు ఇదే.

ఎండ సంగతి కూడా చూసుకోండి. బండి ఒక పక్క ఎండలో, ఇంకో పక్క నీడలో ఉంటే ఎండ పక్క టైర్లు రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తాయి. అందుకే తెల్లవారాక, ఎండెక్కకముందు చూడటం మంచిది. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు ఇంకోసారి చూస్తే చాలు. లోపమేమీ లేని టైరు కూడా నెలకి ఒకటో రెండో పీఎస్ఐ వదిలేస్తుంది. రబ్బరులోంచే గాలి మెల్లగా ఇంకిపోతుంది.

కొత్త_ఈవీ
శనివారం, ఉదయం 9:40

సార్, నా కారు స్టిక్కర్ మీద 36 ఉంది. పై పోస్టులో 42 అంటున్నారు. రెండూ ఎలక్ట్రిక్ కార్లే కదా. నేనూ 42 పెట్టుకోవాలా?

పాతమెకానిక్
శనివారం, ఉదయం 10:05

వద్దు తమ్ముడూ. మీ కారు స్టిక్కర్ ఏం చెబితే మీకు అదే. టెస్లా మోడల్ 3కి 42 ఉంటుంది, నిస్సాన్ లీఫ్‌కి 36. బండి బరువు, టైరు సైజు, ముందు వెనకల మీద బరువు పడే తీరు, అన్నీ చూసుకుని తయారుచేసినవాళ్లు ఆ అంకె రాస్తారు. కొన్ని బండ్లలో ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత పెట్టాలో విడిగా రాసి ఉన్నవీ ఉంటాయి. మొత్తం చదవండి.

లెక్కలమాస్టారు
శనివారం, ఉదయం 11:30

లైటు ఆలస్యంగా ఎందుకు వెలిగిందని అడిగారు. నిజానికి అది చెప్పిన సమయానికే వెలిగింది. అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి తయారైన కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక వ్యవస్థ, అంటే టీపీఎంఎస్, తప్పనిసరి. అక్కడి నిబంధన ప్రకారం స్టిక్కర్ మీద ఉన్నదానికంటే 25 శాతం తగ్గితే లైటు వెలగాలి. 42లో 25 శాతం అంటే 10.5. అంటే 31.5 దాకా లైటు మాట్లాడదు. మీ ముందు ఎడమ టైరు 31, సరిగ్గా ఆ గీత దాటింది. మిగతా మూడూ ఏడెనిమిది తక్కువున్నా ఆ లెక్క ప్రకారం లైటుకి పట్టదు. ఆ లైటుని ఆఖరి హెచ్చరికగానే చూడాలి. మనం నెల నెలా పెట్టుకునే కొలతకి అది బదులు కాదు.

ఇంకో సంగతి. చలికి ఎంత పడుతుందో లెక్క వేసి చూడండి. సాయంత్రం 27 డిగ్రీల దగ్గర 42 పెట్టారనుకుందాం. వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 56.7. తెల్లవారుజామున 7 డిగ్రీలకి పడిపోతే, కెల్విన్‌లో అది 300 నుంచి 280. 56.7ని 280తో హెచ్చవేసి 300తో భాగిస్తే 52.9. అందులోంచి 14.7 తీసేస్తే 38.2. ఒక్క బొట్టు గాలి కూడా పోకుండానే దాదాపు నాలుగు పీఎస్ఐ తగ్గింది. అందుకే చలి మొదలైన వారంలో ఇలాంటి లైట్లు ఎక్కువగా వెలుగుతాయి.

ఒక పాత కబురు కూడా చెప్పాలనిపిస్తోంది. గంటకి 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్ కారే. 1899లో ఫ్రాన్స్‌లో కామిల్ జెనాట్జీ అనే బెల్జియన్ నడిపాడు. ఆ బండికి వేసినవి మిషలిన్ గాలి టైర్లు. ఎలక్ట్రిక్ కారుకీ గాలి టైరుకీ బంధుత్వం అంత పాతది.

ఉదయపు_డ్రైవ్
శనివారం, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, 31.5 లెక్క చూశాక ఒళ్లు ఝల్లుమంది. లైటు లేదంటే అంతా బాగున్నట్టే అనుకుని తొమ్మిది నెలలు తిప్పాను, అందులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లిన రోజులున్నాయి.

రేంజ్‌రాజు
శనివారం, సాయంత్రం 6:20

నా పద్ధతి చెబుతాను. టైరు పక్కన గరిష్ఠంగా 51 అని రాసి ఉంటుంది. నేను 48 పెడతాను. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, రేంజ్ బాగా వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో ప్రతి కిలోమీటరూ ముఖ్యమే కదా, 42 దగ్గరే ఎందుకు ఆగాలి?

పాతమెకానిక్
శనివారం, రాత్రి 8:00

రాజు గారూ, టైరు పక్కన అచ్చయిన అంకె ఆ టైరు తట్టుకోగల హద్దు. ఎంత గాలి పెట్టాలో అది చెప్పదు. అదే టైరు పది రకాల కార్లకి వెళ్తుంది, మీ కారు బరువెంతో దానికి తెలియదు. గాలి మరీ ఎక్కువైతే టైరు నడుం ఉబ్బి, రోడ్డుకి ఆనే భాగం మధ్యలోకి కుదించుకుపోతుంది. బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది, టైరు మధ్యలో త్వరగా అరుగుతుంది. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. మీ టైర్ల మీద వేలు పెట్టి అంచు నుంచి మధ్యకి లాగి చూడండి, గాడి లోతు ఎక్కడెలా ఉందో తెలుస్తుంది.

ఎలక్ట్రిక్ బండికి ఇది ఇంకా ముఖ్యం. బ్యాటరీ బరువే వందల కిలోలు. పైగా పెడల్ తొక్కీ తొక్కగానే మోటారు మొత్తం బలం చూపిస్తుంది, కాలు తీస్తే రీజెన్, అంటే మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కరెంటు పంపే ఏర్పాటు, వెనక్కి లాగుతుంది. ఈ రెండు పనుల భారమూ టైరు మీదే.

లెక్కలమాస్టారు
శనివారం, రాత్రి 8:45

రేంజ్ మాట వచ్చింది కాబట్టి. అమెరికా ఇంధన శాఖ చెప్పేదాన్ని బట్టి పెట్రోల్ కార్లలో నాలుగు టైర్లలోనూ సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం తగ్గుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో శక్తిలో పెద్ద భాగం వేడిగా పోతుంది కాబట్టి టైరు పాలు చిన్నదిగా కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ మోటారు దగ్గర ఆ వృథా చాలా తక్కువ. అందుకే టైరు దొర్లడానికి పోయే శక్తి మొత్తం ఖర్చులో పెద్ద వాటా అవుతుంది. అంటే గాలి తగ్గిన తేడా ఎలక్ట్రిక్ కారులో ఇంకాస్త బాగా తెలుస్తుంది. ఉదయపు_డ్రైవ్ గారు బ్యాటరీని అనుమానించడం సహజం, కానీ ముందు టైర్లు చూడాలి. ఖర్చు లేని పని అదే.

రాజు గారికి ఒక మాట. 42 నుంచి 48కి పోతే వచ్చేది కొద్దిగా. 35 నుంచి 42కి వస్తే దక్కేది కోల్పోయినదే కాబట్టి అది న్యాయంగా మనదే. ఈ రెండిటినీ ఒకేలా చూడకండి.

వానచుక్క
ఆదివారం, ఉదయం 8:30

నేను ఇందులోకి రావడానికి కారణం ఉంది. పోయిన వర్షాకాలంలో రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట నా బండి ఒక్క క్షణం తేలిపోయింది. స్టీరింగ్ గాల్లో తిప్పినట్టు అయిపోయింది. పిల్లలు వెనక సీట్లో ఉన్నారు. ఆ తర్వాత చూస్తే ముందు టైర్లలో గాలి బాగా తక్కువుంది.

ఆ మధ్య చదివాను, నాసాలో వాల్టర్ హార్న్ అనే ఇంజనీరు 1960లలో విమాన టైర్ల మీద పనిచేసి ఒక సూత్రం ఇచ్చాడు. నీళ్లు నిలిచిన దారిలో టైరు తేలిపోయే వేగం టైరులోని పీడనం వర్గమూలాన్ని బట్టి ఉంటుందని. అరిగిన టైరుకి, 42 పీఎస్ఐ దగ్గర సుమారు 108 కిలోమీటర్లు వస్తుంది, 31 దగ్గర సుమారు 93. కారు టైరుకి గాడులుంటాయి కాబట్టి అచ్చంగా అదే అంకె రాదు. కానీ గాలి తగ్గితే తక్కువ వేగానికే బండి తేలుతుందన్న మాట మాత్రం నాకు ఒంటి మీద అనుభవమే. రేంజ్ కోసం చూసినా, బ్యాటరీ కోసం చూసినా సరే, పిల్లల్ని ఎక్కించుకునే ముందు గేజ్ పెట్టండి.

రేంజ్‌రాజు
ఆదివారం, ఉదయం 10:15

వానచుక్క అక్కా, మీ పోస్టు చదివాక పొద్దున్నే 48 నుంచి 42కి తెచ్చాను. బండి చల్లగా ఉన్నప్పుడే తీశాను. స్టీరింగ్ కొంచెం బరువెక్కినట్టు ఉంది, ఫర్వాలేదు. మధ్యలో గాడి అంచు కంటే నిజంగానే తక్కువ లోతుంది.

నాలుగుచక్రాలు
ఆదివారం, మధ్యాహ్నం 12:00

ఒక హెచ్చరిక. టీపీఎంఎస్ రెండు రకాలు. ఒకదానిలో ప్రతి చక్రంలో వాల్వ్ దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది, అది పీడనం కొలిచి రేడియోలో పంపిస్తుంది, తెరమీద అంకెలు కనిపిస్తాయి. దాని లోపలి బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు ఉంటుంది. చాలా బండ్లలో బండి కదిలి కొంత వేగం అందుకునేదాకా కొత్త కొలత రాదు, ఆగి ఉన్నప్పుడు తెరమీద కనిపించేది పాతదే కావచ్చు. రెండో రకంలో సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది, బ్రేకుల కోసం చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడా పట్టుకుంటాయి.

నాది రెండో రకం. గాలి పట్టించాక మెనూలో రీసెట్ నొక్కాలి. అప్పుడున్న స్థితినే అది మామూలుగా నేర్చుకుంటుంది. నేను ఒకసారి లైటు వెలిగితే గాలి పట్టించకుండానే రీసెట్ నొక్కేశాను, లైటు పోయింది, నేను ఊరటపడ్డాను. తక్కువ గాలినే సరైనదిగా నేర్చుకుంది కాబట్టి ఆ తర్వాత ఎన్నాళ్లయినా హెచ్చరించలేదు. ముందు గేజ్ పెట్టి సరిచేయండి, ఆ తర్వాతే రీసెట్.

ఇంకొకటి, లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే గాలి సమస్య కాదు, వ్యవస్థలోనే లోపం ఉందని అర్థం. మొదటి నుంచి నిలకడగా వెలిగితే గాలి.

ఉదయపు_డ్రైవ్
సోమవారం, ఉదయం 7:30

పంపు తెచ్చాను, 12 వోల్టుల సాకెట్‌కి పెట్టేది. మీరంతా చెప్పినట్టు తెల్లవారగానే చేశాను. బండి స్టార్ట్ స్థితిలోనే ఉంచాను, లేదంటే చిన్న 12 వోల్టుల బ్యాటరీ అయిపోతుందని సర్వీసు పుస్తకంలో ఉంది.

గొట్టం వాల్వ్‌కి బిగించేటప్పుడు బుస్సుమని కొంచెం గాలి పోయింది, మొదటిసారి కంగారు పడ్డాను. గట్టిగా ఒక్క తోపుతో పెడితే ఆ శబ్దం చిన్నదవుతుందని రెండో టైరుకి అర్థమైంది. ఒక్కో టైరుకి మూడు నాలుగు నిమిషాలు పట్టింది, పంపు వేళ్లు కాలేంత వేడెక్కింది, రెండు టైర్ల తర్వాత పది నిమిషాలు ఆపాను. నాలుగింటికీ 42 పెట్టాను. పంపు మీటర్ 42 చూపిస్తే పక్కింటాయన గేజ్ 40.5 చూపించింది. దేన్ని నమ్మాలి?

పాతమెకానిక్
సోమవారం, ఉదయం 9:00

పంపు మీటర్ నింపేటప్పుడు ఒత్తిడితో ఎక్కువ చూపించడం సహజం. గొట్టం తీసేసి విడి గేజ్‌తో చూడండి. ఏ గేజ్ అయినా ఒకటి రెండు అటూ ఇటూ ఉంటుంది. మంచి గేజ్ ఒకటి కొని, ఎప్పుడూ దానితోనే చూస్తే ఏ టైరు ఎంత పడిందో తేడా తెలుస్తుంది. ఆ తేడానే మీకు కావాల్సింది.

కొత్త_ఈవీ
సోమవారం, ఉదయం 9:20

సార్, నైట్రోజన్ పెట్టిస్తే ఈ తలనొప్పి ఉండదంటున్నారు కదా?

లెక్కలమాస్టారు
సోమవారం, ఉదయం 9:55

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. తేమ తక్కువ అన్నది నిజమే, కానీ గేజ్ పెట్టే పని తప్పదు.

ఉదయపు_డ్రైవ్
గురువారం, ఉదయం 7:15

మూడు రోజుల తర్వాత చూశాను. మూడు టైర్లు చెక్కుచెదరలేదు. ముందు ఎడమది మాత్రం రెండు పడింది. మేకు ఏమీ కనిపించడం లేదు. చక్రం ముందుకి వెనక్కి కదిపి టైరు చుట్టుకొలత మొత్తం వేళ్లతో తడిమాను.

పాతమెకానిక్
గురువారం, ఉదయం 8:40

సబ్బు నురగ చేసి రాయండి. టైరు మీద ఊరికే పోస్తే సరిపోదు. టైరు అంచు రిమ్‌ని అంటిపెట్టుకున్న గీత చుట్టూ, వాల్వ్ మొదట్లో, క్యాప్ తీసి వాల్వ్ నోట్లో కూడా ఒక చుక్క వేయండి. ఎక్కడ నురగ ఊపిరి పీల్చినట్టు కదిలితే అదే తావు.

టీపీఎంఎస్ సెన్సర్లున్న అల్యూమినియం వాల్వ్‌లకి లోపలి పిన్ నికెల్ పూత వేసినది కావాలి. మామూలు ఇత్తడి పిన్ పెడితే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి అంటుకుపోతుంది. లోహపు క్యాప్ కూడా అంతే, కొన్నాళ్లకి ఊడదు. ప్లాస్టిక్ క్యాప్ వాడండి. పిన్ మార్చేటప్పుడు గాలి మొత్తం పోతుంది, బండి బరువు గాలి లేని టైరు మీద నిలవకుండా జాక్ పెట్టాలి. ఎలక్ట్రిక్ బండి కింద బ్యాటరీ పరచి ఉంటుంది, పుస్తకంలో చూపించిన చోట్లే జాక్ పెట్టండి. వేరే చోట పెడితే అది బ్యాటరీ పెట్టె మీద నొక్కుతుంది.

టైరు లోపల శబ్దం తగ్గించే స్పాంజి అంటించి ఉంటే, పంక్చర్ వేసేవాళ్లకి ముందే చెప్పండి, రంధ్రం దగ్గర మాత్రమే దాన్ని గీకి తీయాలి. స్టెప్నీ లేని బండ్లకిచ్చే, పంక్చర్ రంధ్రాన్ని లోపలి నుంచి మూసే సీలెంట్ సీసా ఉంటుంది కదా, దాని మీద గడువు తేదీ ఒకసారి చూసుకోండి. అది ఎక్కించాక కూడా షాపువాళ్లకి చెప్పాలి, లేదంటే సెన్సర్ మీద అంటుకుని చిక్కు తెస్తుంది.

వానచుక్క
గురువారం, మధ్యాహ్నం 2:30

మా సీలెంట్ సీసా గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇది చదవకపోతే అవసరమైన రోజున తెలిసేది. కొత్తది తెప్పిస్తున్నాను.

ఉదయపు_డ్రైవ్
ఆదివారం, ఉదయం 8:05

దొరికింది. నురగ రిమ్ చుట్టూ కదలలేదు, వాల్వ్ మొదట్లోనూ కదలలేదు. క్యాప్ తీసి నోట్లో చుక్క వేశాను. ముందు ఏమీ లేదు. ఓ నిమిషం ఓపిక పట్టి చూస్తూ ఉంటే ఆవగింజంత బుడగ మెల్లగా పైకి లేచి, పగిలి, మళ్లీ లేచింది. పిన్ తిప్పే చిన్న పనిముట్టుతో పావు చుట్టు బిగించాను, బుడగ చిన్నదైంది కానీ ఆగలేదు. తీసి చూస్తే పిన్ మీది రబ్బరు అంచు ఒక పక్క చిట్లి ఉంది. జాక్ పెట్టి నికెల్ పిన్ వేసి, మళ్లీ నింపాను.

వారం తర్వాత మళ్లీ చూసి అంకెలు ఇక్కడ పెడతాను.

ఉదయపు_డ్రైవ్
ఆదివారం, ఉదయం 7:20

ముందు ఎడమ 42, ముందు కుడి 42, వెనక ఎడమ 41.5, వెనక కుడి 42. కొత్త గేజ్, చల్లటి టైర్లు, ఎండెక్కకముందు. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్న అని ఫోన్‌లో గంట పెట్టుకున్నాను.